పట్టీ అంటించని సీసా

మా బంగారు గని ఆసుపత్రి నుంచి మందు సీసా బయటికి వెళ్లాలంటే దానికి ఒక కాగితపు పట్టీ ఉండి తీరాలి. వేలెడు వెడల్పున్న కాగితం అంచును కత్తెరతో మెట్లు మెట్లుగా కత్తిరించి, గంజితో సీసాకు నిలువుగా అంటించేవారు. ఒక్కో మెట్టు ఒక్కో మోతాదు. మందు ఒక మెట్టు కిందికి దిగిందంటే ఒక పూట మందు వేసినట్టు. షిఫ్టు నుంచి వచ్చిన తండ్రి చూసినా, నీళ్లకు పోయి వచ్చిన తల్లి చూసినా, చదువు రాని అవ్వ చూసినా, ఈ పూట మందు పడిందో లేదో సీసానే చెప్పేది.

మిగతా సగం పని సంగు చేసేది. గని సైరన్‌ను మా వైపు సంగు అంటారు. పొద్దున ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి పదికి, షిఫ్టు మారినప్పుడల్లా అది మోగేది. గడియారం లేని ఇళ్లలో కూడా మందు వేళ తప్పేది కాదు. "సంగుకు ఒక మెట్టు" అని చెప్తే చాలు. అంతకంటే వివరంగా ఎవరూ అడిగేవారు కాదు, నేనూ చెప్పేవాణ్ణి కాదు.

ఆ ఆసుపత్రిలో నేను పిల్లల డాక్టరుగా పనిచేశాను. గనులు మూతపడ్డాక ఆ గని ఊరు కోరమండల్‌లోనే, మా ఇంటి ముందు గదిలో క్లినిక్ పెట్టుకున్నాను. సంగు ఆగిపోయింది గానీ పట్టీని నేను మానలేదు. మందుల కంపెనీ నుంచి వచ్చే గోధుమరంగు సీసాలకు కూడా నా భార్య పట్టీలు అంటించేది. నాకు చదువుకునే రోజుల నుంచీ డైరీ రాసే అలవాటు ఉంది. ప్రతి ఏడాది డైరీ చివర నాలుగైదు కాగితాలు ఖాళీగా మిగిలిపోతాయి. ఆమె వాటిని చించి, ఒడిలో పెట్టుకుని, మధ్యాహ్నాలు కత్తిరిస్తూ కూర్చునేది. "మీరు రాసిన కాగితాలకన్నా రాయని కాగితాలే ఎక్కువ మందికి పనికొచ్చినాయి" అని నవ్వేది.

పట్టీతో పాటు నా నోట్లో మాట కూడా అలాగే ఉండిపోయింది. సంగు మోగక ఇరవై ఏళ్లు దాటినా పెద్దవాళ్లకు "సంగుకు ఒక మూత" అనే చెప్పేవాణ్ణి. మూత అంటే సీసాతో పాటు వచ్చే చిన్న ప్లాస్టిక్ కొలమూత. వాళ్లకది వెంటనే అర్థమయ్యేది.

డెబ్బై ఐదు దాటాక క్లినిక్ బోర్డు దించేశాను. ఆ తర్వాత రెండేళ్లకు, వానలు వెనకపట్టి చలి మొదలయ్యే రోజుల్లో, ఫ్లూ వచ్చింది. మొదట బడి పిల్లలకు, తర్వాత వాళ్ల చంటి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. బంగారం తీసేశాక పోసిన సైనైడ్ మట్టి గుట్టల మీది నుంచి గాలి వీచే కాలం కావడంతో దగ్గులు ఒక పట్టాన తగ్గేవి కావు. ఏ క్లినిక్ ముందు చూసినా పిల్లలను భుజాన వేసుకున్న ఆడవాళ్లే. ఒక రోజు పొద్దున మా వరండాలో నలుగురు తల్లులు వచ్చి కూర్చున్నారు. "బోర్డు లేదమ్మా, నేను చూడటం లేదు" అన్నాను. వాళ్లలో ఒకావిడ కదలకుండా, "బోర్డు లేకపోతే ఏమి సార్, మీరుండారు గదా" అంది. అలా మళ్లీ మొదలుపెట్టాను.

ఆ సీజన్‌లో నేను చేసిన మంచి పని కూడా ఒకటి చెప్పుకోవాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఫ్లూకు యాంటీబయాటిక్ పనికిరాదు. అయినా అందరికీ అదే కావాలి.

"సార్, ఆ పింక్ మందు రాసీండి. మా పక్కింటి బిడ్డకు రెండు దినాల్లో తగ్గిపోయిండాది."

"అది ఈ జ్వరానికి పనిచేయదమ్మా."

"పనిచేయకపోతే పోనీండి సార్, ఇంగ ఇంట్లో ఉండనీ."

నేను రాయలేదు. ప్రతి పిల్లనూ తల్లి ఒళ్లో పడుకోబెట్టి, చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టేవాణ్ణి. ఊపిరి వేగంగా ఉన్నవాళ్లను, పక్కటెముకల కింద గుంట పడుతున్నవాళ్లను అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపేవాణ్ణి. మిగతావాళ్లకు జ్వరం సిరప్, వేడినీళ్లు, ఉప్పు చక్కెర నీళ్లు, విశ్రాంతి. ఎంతమంది గొడవపడినా యాంటీబయాటిక్ రాయలేదని రోజూ సాయంత్రం డైరీలో రాసుకునేవాణ్ణి. ఇప్పుడు తిరగేస్తే ఆ పేజీల్లో నా గర్వం నాకే కనిపిస్తుంది. పెద్ద తప్పు జరగకుండా చూసుకుంటున్నానన్న తృప్తిలో చిన్నవి నా చూపు దాటిపోయాయి.

మూడో వారంలో నా భార్యకు ఫ్లూ తగిలింది. లోపలి గదిలో పడుకుని, దుప్పటి కప్పుకుని, "కత్తెర ఇట్లీండి, పడుకొనే పట్టీలు కత్తిరిస్తాను" అంది.

"వద్దులే. ఇప్పుడు సీసాతోనే కొలమూత వస్తాది. పట్టీ ఎందుకు?" అన్నాను.

"మూత ఎంత వేయాలో చెప్తాది గానీ, వేసినారో లేదో చెప్పదు గదా" అంది.

బయట వరండాలో పిల్లలు ఏడుస్తున్నారు. నేను లేచి వెళ్లిపోయాను. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "ఈ రోజు నుంచి పట్టీలు లేవు. ఆమెకు జ్వరం. నాకు తీరిక లేదు."

ఆ వచ్చిన సోమవారం ఒక అవ్వ తన మనవరాలిని తెచ్చింది. ఆమె నాకు కొత్త కాదు. భర్త గనిలో లోపల కొయ్య దూలాలు నిలబెట్టే పని చేసేవాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని పోయాడు. వాళ్ల కొడుకు చిన్నప్పుడు నా వార్డులోనే పెరిగాడన్నట్టు ఉండేది, అన్నిసార్లు తెచ్చేది. ఆ కొడుకు ఇప్పుడు రోజూ తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోతాడు. కోడలు కోలారు దగ్గరి నరసాపురంలో ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కంపెనీ బస్సు పొద్దున ఐదు గంటలకు లైన్ల, అంటే గని కార్మికుల ఇళ్ల వరుసల, చివర ఆగుతుంది. నాలుగేళ్ల పాపను పొద్దు నుంచి పొద్దు దాకా చూసుకునేది అవ్వే.

"ఏమమ్మా, మనవరాలా?" అన్నాను.

"మనమరాలే అప్పా. నాయన రైలుకు పాయ, అమ్మ బస్సుకు పాయ, ఇది నా కొంగుకు తగులుకున్నాది."

పాపకు జ్వరం, దగ్గు, ముక్కు కారడం. ఊపిరి మామూలుగానే ఉంది. బరువు పద్నాలుగు కిలోలు. జ్వరం సిరప్ సీసా ఇచ్చి, రోజుకు మూడు సార్లు ఒక్కో మూత అని చీటీ మీద రాశాను. నోటితో మాత్రం, "సంగుకు ఒక మూత వెయ్యమ్మా" అన్నాను.

"సంగు యాడుండాదప్పా ఇప్పుడు?" అని ఆమె నవ్వింది.

"నీ చెవుల్లో ఉంటాది కదా."

"ఉండాది, ఎందుకుండదు? ఆరుకు, రెండుకు, పదికి. మొగుడు పోయి ఇన్నేండ్లాయె, ఇంగా పది కాంగానే వస్తాడేమోనని తలుపు కల్లా చూస్తా."

వరండాలో ఉన్న ముసలివాళ్లు కూడా నవ్వారు. ఆ మాట వాళ్లందరికీ తెలిసినదే.

అదే రోజు సాయంత్రం ఐదు గంటలప్పుడు కోడలు వచ్చింది. కంపెనీ బస్సు దిగి తిన్నగా వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు, యూనిఫాం మీద స్వెట్టర్. "సార్, మా అత్త ఏమేమో సంగు గింగు అంటాండాది. నాకు సరిగ్గా చెప్పండి. ఫ్యాక్టరీలో రజా ఇయ్యరు, లేకుంటే నేనే ఉండి చూసుకుందును."

ఆమెకు ఆమె వేళల్లోనే చెప్పాను. "నువ్వు పొద్దున పోయేముందు ఒక మూత, వచ్చినాక ఒక మూత, పండుకునేముందు ఒక మూత. మూడే. ఇంతే."

ఆమె వేళ్ల మీద మూడు లెక్కపెట్టుకుని వెళ్లిపోయింది. ఎవరికి ఏ వేళలు తెలుసో ఆ వేళల్లో చెప్పడం నా పనితనమని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. "తల్లికి కూడా విడిగా వివరించాను" అని డైరీలో రాసుకున్నాను. మందు ఎవరు వేస్తారని మాత్రం పొద్దున ఆమెనూ అడగలేదు, సాయంత్రం ఈమెనూ అడగలేదు.

ఆ ఇంట్లో జరిగింది ఇది. కోడలు నాలుగున్నరకు పాపను లేపి ఒక మూత తాపి బస్సుకు పోయేది. అప్పుడు అవ్వ కొళాయి దగ్గర బిందెల వరుసలో ఉండేది. ఆరుకు అవ్వ ఒక మూత తాపేది. రెండుకు ఒకటి. సాయంత్రం కోడలు వచ్చి ఒకటి. ఎనిమిదికి కోడలు నిద్రపోయేముందు ఇంకొకటి, ఆ రెండు వేళలా అవ్వ వెనక వంట సందులో ఉండేది. పదికి పాప పక్కన పడుకున్న అవ్వ లేచి మరొకటి. ఇద్దరూ నేను చెప్పింది చెప్పినట్టు చేశారు. ఒక్కరూ ఒక్క పూటా తప్పలేదు.

బుధవారం పొద్దున అవ్వ ఖాళీ సీసాతో వచ్చింది. ఆ రోజు వరండాలో నిలబడటానికి చోటు లేదు. ఆమె గుమ్మం పక్క నుంచి చెయ్యి చాపి, "అయిపాయె అప్పా" అంది. నేను ఇంకో పిల్లకు ఊపిరి లెక్కపెడుతున్నాను. లెక్క తప్పకుండా, తల తిప్పకుండా, బల్ల మీదున్న కొత్త సీసా తీసి ఆమె చేతిలో పెట్టాను.

పన్నెండు మూతల సీసా. రోజుకు మూడు చొప్పున నాలుగు రోజులు రావాలి. రెండు రోజుల్లో అయిపోయింది. నలభై ఏళ్లు పిల్లల మందులు లెక్కకట్టినవాడికి 'అయిపాయె' అన్న మాట వినగానే అనుమానం రావాలి. రాలేదు. సాయంత్రం డైరీలో ఆ పాప పేరు ఎదురుగా "సిరప్ 1" అని మళ్లీ రాశాను. సోమవారం పేజీలో ఒకటి, బుధవారం పేజీలో ఒకటి. రెండు పేజీల మధ్య ఒక్క కాగితమే ఉంది. తిప్పి చూసి ఉంటే సరిపోయేది.

శుక్రవారం కోడలు పనికి పోలేదు. పాపను భుజాన వేసుకుని, వెనక అవ్వతో వచ్చింది. పాపకు జ్వరం లేదు. కానీ రాత్రి నుంచి వాంతులు, ఏమీ తినడం లేదు. కూర్చోబెడితే తల వాల్చేస్తోంది. ఊపిరి లెక్కపెట్టాను, బాగానే ఉంది. కడుపు కుడివైపు నొక్కితే ముఖం ముడుచుకుంది. "మందేది, చూపించు" అన్నాను. కోడలు సంచిలోంచి రెండో సీసా తీసింది. అడుగున కొంచెమే ఉంది.

అప్పుడు తెలిసింది. జ్వరం మందు హద్దు దాటి రోజుల తరబడి పడితే, అందులోనూ తిండి తినని పిల్లకు, కాలేయం దెబ్బతింటుంది.

"మందు ఎవరు వేస్తాండారు?" అన్నాను.

"నేనే సార్. మీరు చెప్పినట్ల మూడు సార్లు."

"నేను గదా వేస్తాండేది!" అంది అవ్వ. "సంగుకు ఒకటి."

కోడలు గిరుక్కున అత్త వైపు తిరిగింది.

"అత్తా, నువ్వెందుకు వేసినావు? నేను సార్‌ను అడుక్కోని వచ్చినా గదా!"

"నాకు చెప్తివా నువ్వు?"

"చెప్పలేదా? సోమవారం రాంగానే చెప్పినా, ఇంగ నేను చూసుకుంటా అని."

"చూసుకుంటా అంటివి. మందు నువ్వు వేస్తా అన్లేదే."

ఇద్దరూ నా వైపు చూశారు. వరండాలో ఉన్న పది పన్నెండు మంది కూడా చూశారు. అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒక్కటే: ఇద్దరికీ నేనే చెప్పాను, బుధవారం రెండో సీసా ఇచ్చిందీ నేనే, సీసాకు పట్టీ అంటించనిదీ నేనే. ఆ మాట నాలుక దాకా వచ్చిందో లేదో కూడా నాకు గుర్తు లేదు. గుర్తున్నది నేను అన్న మాట. అవ్వ వైపు తిరిగి, "ఏమమ్మా, మతిమరుపు వచ్చిందా నీకు? వేసిన మందే మళ్లీ వేస్తే ఎట్ల? బిడ్డ ప్రాణమనుకున్నావా, ఏమనుకున్నావు?" అన్నాను.

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "మర్చిపోయినానేమో అప్పా" అంది.

నేను బల్ల దగ్గర కూర్చుని కోలారులోని పెద్దాసుపత్రికి ఉత్తరం రాశాను. ఏ మందు, ఎంత బలం, ఎన్ని మూతలు, ఎన్ని రోజులు, అన్నీ సరిగ్గా రాశాను. చివర ఒక వాక్యం చేర్చాను: "అవ్వ మతిమరుపు వల్ల మందు రెండింతలు పడింది." అలా రాయాల్సిన అవసరం వైద్యానికి ఏమీ లేదు. బిడ్డకు ఎంత మందు పడిందో తెలిస్తే అక్కడి డాక్టర్లకు చాలు. ఆ వాక్యం నా కోసం రాసుకున్నాను.

పాపకు విరుగుడు మందు ఎక్కించారు. రోజూ రక్తం పరీక్షలు చేశారు. ఐదు రోజులకు ఇంటికి పంపారు. పాప బాగైంది, పూర్తిగా బాగైంది. ఆ ఐదు రోజులూ నేను సాయంత్రం ఫోన్ చేసి కోడలిని అడుగుతూనే ఉన్నాను. అక్కడి డాక్టరు నా ఉత్తరం పైకి చదివి, మంచం పక్కన నిలబడ్డ అవ్వను అందరి ముందూ తిట్టాడని ఆమె ఒక రోజు చెప్పింది. "తిట్టనీ సార్. తిట్టాల్సిందే" అంది. నేను "ఊఁ" అన్నాను.

ఆ శుక్రవారం డైరీలో మందు వివరాలన్నీ రాసి, కింద "ఇంట్లో పొరపాటు" అని రాసి గీత గీశాను. నా భార్య కోలుకుని లేచి తిరుగుతున్న రోజుల్లో అది చూసింది. నా డైరీలు ఆమె చదువుతుంది, ఎన్నడూ దాచలేదు.

"ఆ సీసాకు పట్టీ ఉండిందా?" అంది.

"లేదు."

"ఇంట్లో పొరపాటు అని రాసినారు. ఎవరింట్లోనో రాయలేదు." అంత మాత్రం అని డైరీ మూసి, కత్తెర వెతుక్కుంటూ వెళ్లింది.

నెల రోజులు గడిచాయి. ఫ్లూ తగ్గుముఖం పట్టింది. వరండా ఖాళీ అయింది. ఒక పొద్దున అవ్వ ఒక్కతే వచ్చింది. కొంగుకు ఎవరూ తగులుకుని లేరు. కుర్చీ చూపించినా గడప మీదే కూర్చుంది.

"పాప ఎట్లుండాది?" అన్నాను.

"బాగుందంటప్పా. కురుడుమలె ఊరి కల్లా వాళ్లమ్మ పుట్టింట్లో ఉండాది. నా దగ్గర ఒంటిగా ఇడిసేకి వాళ్లకు భయం. తప్పులేదు."

"ఎప్పుడు తెస్తారంట?"

"అందుకే నీ కల్లా వచ్చినా. మతిమరుపు తగ్గే మాత్ర ఏదన్నా ఇయ్యప్పా. తగ్గిందని నువ్వు చీటీ రాసిస్తే పాపను తెస్తామన్నారు."

ఆ చీటీ మాట వినగానే చెప్పి ఉండవచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. వినేవాళ్లు లేరు, నవ్వేవాళ్లు లేరు. నేను లేచి, అల్మారా తెరిచి, బి విటమిన్ మాత్రలు ముప్పై లెక్కపెట్టి పొట్లం కట్టాను. "పొద్దున ఏదన్నా తిన్నాక ఒకటి. ముప్పై రోజులు చూద్దాం" అన్నాను. ఆమె పొట్లాన్ని కళ్లకద్దుకుని తీసుకుంది. లేని జబ్బుకు మందు ఇవ్వడం నా వృత్తిలో అదే మొదటిసారి. పింక్ మందు కోసం పోట్లాడిన తల్లులందరికీ కుదరదని చెప్పినవాణ్ణి, ఆమెకు కాదనలేకపోయాను. కాదనాలంటే ఎందుకో చెప్పాలి కాబట్టి.

ముప్పై ఒకటో రోజున ఆమె మళ్లీ వచ్చింది. ఖాళీ పొట్లం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తెచ్చింది. "నిన్నటితో అయిపాయె అప్పా." డైరీ తీసి చూశాను. ఒక్క రోజు ఎక్కువ లేదు, ఒక్క రోజు తక్కువ లేదు. ఈ ఊళ్లో నేను మాత్రలు రాసిచ్చిన ఆ వయసువాళ్లలో అలా రోజు తప్పకుండా వేసుకున్నవారు ఎంతమంది ఉంటారో నాకు తెలుసు.

"గుణం కనిపించిందా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఏం చెప్పేది అప్పా. దినామూ పొద్దున్నే లేచి చెప్పుకుంటా. సోమవారం రెండుకు పాప గుమ్మంలో కూర్చోనుండె, అప్పుడు తాపితి. పదికి నిద్దర్లో తాపితి, సగం ఉమిసె. మంగళారం ఆరుకు పాలవాడు వచ్చినప్పుడు. రెండుకు పక్కింటామె గిన్నె అడిగేకి వచ్చినప్పుడు. శుక్రవారం దాకా అన్నీ గుర్తుండాయి. ఏ పూట రెండుసార్లు వేసినానో, అదొక్కటే ఎంత తలకాయ కొట్టుకున్నా గుర్తొచ్చేలేదు. ఆ ఒక్కటి గుర్తొస్తే మతిమరుపు పోయినట్లే గదా?"

జరగని దాన్ని గుర్తు తెచ్చుకోవడానికి ఆమె నెల రోజులుగా ప్రతి తెల్లవారుజామునా ప్రయత్నిస్తోంది. నేను ఆమె ముఖం చూడలేక డైరీలోకి చూశాను. "ఆదివారం మీ ఇంటికి వస్తానమ్మా" అన్నాను. "కొడుకును, కోడలిని ఇంట్లో ఉండమను." ఆమె చీటీ రాసిస్తాననుకుంది. సంతోషంగా వెళ్లింది.

ఆదివారం డైరీ చంకలో పెట్టుకుని వాళ్ల ఇంటికి నడిచాను. ఇంగ్లీషువాళ్ల కాలంలో కట్టిన లైను ఇల్లు, ఒకే గది, వెనక వంటకు చిన్న సందు. కొడుకు నాకు మంచం మీద దుప్పటి పరిచాడు. కోడలు కాఫీ పెట్టబోతే వద్దన్నాను. అవ్వ గడప దగ్గర చేటలో రాగులు పోసుకుని రాళ్లు ఏరుతోంది.

నేను సోమవారం పేజీ తీసి కోడలికి ఇచ్చాను. "పొద్దున అవ్వకు చెప్పాను. సాయంత్రం నీకు చెప్పాను. ఎవరు వేస్తారని ఇద్దరినీ అడగలేదు. అది నా తప్పు." తర్వాత బుధవారం పేజీ. "సీసా రెండు రోజుల్లో అయిపోతే ఎందుకని అడగకుండా ఇంకోటి ఇచ్చాను. అదీ నా తప్పు. సీసాకు పట్టీ అంటించి ఉంటే ఇద్దరిలో ఎవరో ఒకరు చూసి ఆగేవాళ్లు. మీ అత్తకు మతిమరుపు లేదు. ఆమె ఒక్క పూట కూడా రెండుసార్లు వేయలేదు."

కోడలు రెండు పేజీలూ చదివింది. మళ్లీ మొదటి పేజీకి వెళ్లి చదివింది.

"మరి ఆ దినం ఉత్తరంలో ఎందుకట్ల రాసినారు సార్?"

"భయపడినానమ్మా. అంతమంది ముందు."

"మీకేమి భయం సార్? మేం మిమ్మల్ని ఏం చేస్తాం?" ఆమె గొంతు పెరిగింది. "నేను ఈమెను ఎన్ని మాటలు అన్నానో మీకు తెలుసా? నా బిడ్డను వాళ్లవ్వ దగ్గర్నుంచి గుంజుకోని పోయి యాడో ఇడిసి వచ్చినా. అది అవ్వ కావాలని రెండు నెలలు ఏడ్చింది. ఫోన్ చేస్తే నాతో మాట్లాడదు."

కొడుకు "వద్దులే, పెద్దాయన" అన్నాడు. "పెద్దాయన గాబట్టే అడుగుతాండా" అందామె.

అవ్వ చేట పక్కన పెట్టి నా వైపు చూసింది.

"అంటే నేను మర్చిపోలేదా?"

"లేదమ్మా."

"ఒగసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

"ఇంగ ఆ మాత్రలు?"

"అవి బలానికి ఇచ్చేవి."

ఆమె రాగుల్లో వేళ్లు ఆడించింది. "బలానికి! ఇంత బలం వచ్చినాక గదా ఇంగ నిన్ను తిట్టాల్సింది" అంది. కొడుకు నవ్వాడు. ఆమె నవ్వలేదు. "రెండు నెలలు నాకు నేనే పిచ్చిదాన్ని అనుకుంటి గదప్పా. పొయ్యి ఆర్పినానా లేదా అని వందసార్లు చూస్తి. నువ్వు చెప్పినావని."

నేను చేతులు జోడించాను. ఆమె మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది. క్షమించానని అనలేదు, ఇప్పటి వరకూ అనలేదు. పెద్దాసుపత్రి డాక్టరుకు సవరణ ఉత్తరం రాసి, నకలు ఒకటి కోడలికి ఇచ్చాను. ఆమె దాన్ని మడిచి రేషన్ కార్డుతో పాటు డబ్బాలో పెట్టింది.

తర్వాతి ఆదివారమే పాపను తీసుకొచ్చారు. కోడలు ఫ్యాక్టరీలో తిండి వేళకు రోజూ అత్తకు ఫోన్ చేస్తుందని, "తినిందా?" అని అడుగుతుందని, "నువ్వు తిన్నావా?" అని కూడా అడుగుతుందని పక్కింటి వాళ్లు నా భార్యకు చెప్పారు. అది విని నాకు కొంచెం తెరిపి అనిపించింది.

ఈ మధ్య పాపకు మళ్లీ దగ్గు వచ్చింది. అవ్వే తీసుకొచ్చింది. ఊపిరి లెక్కపెట్టాను. మామూలు జలుబే. సిరప్ సీసాకు నా భార్య పట్టీ అంటించి తెచ్చింది, పన్నెండు మెట్లు, అంచులు శుభ్రంగా. చీటీ మీద ఎవరు వేయాలో కూడా రాశాను. సీసాను వెలుతురుకు పట్టి ఆమెకు చూపించాను. "ఇది మందు మట్టం. ఒక పూటకు ఒక మెట్టు. పొద్దున, రాత్రి కోడలు వేస్తాది. మధ్యాహ్నం నువ్వు వెయ్యి."

ఆమె పట్టీ మీద వేలు పెట్టి పై నుంచి కిందికి మెట్లు తడిమి చూసింది. "పట్టీ బాగుండాది అప్పా" అంది. సీసాను మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని సంచిలో వేసుకుంది. "మధ్యాన్నం పక్కింటామెను పిలుస్తా. ఆమె తాపుతాది."

"నువ్వే తాపొచ్చమ్మా. నీ తప్పేమీ లేదని చెప్పినాను కదా."

"చెప్పినావు. నాకూ తెలుసు." పాప ముక్కు కొంగుతో తుడిచి చెయ్యి పట్టుకుంది. "తెలిసినా చెయ్యి రావడం లేదప్పా."

వాళ్లు లైన్ల మలుపు తిరిగేదాకా వరండాలో నిలబడ్డాను. పాప ఏదో అడుగుతూ గెంతుతోంది, ఆమె జవాబు చెప్తూ నడుస్తోంది. లోపలికి వచ్చి డైరీ తీశాను. పాప వయసు, బరువు, మందు, మోతాదు రాశాను. పట్టీ అంటించినట్టు రాశాను. మందు వేసేవారు అన్న చోట "పొద్దున, రాత్రి తల్లి, మధ్యాహ్నం పక్కింటావిడ" అని రాసి, ఆ పక్కింటావిడ ఎందుకో కూడా, నా పేరుతో సహా, ఒక్క మాట దాచకుండా రాశాను.